కాజాలు

పన్నెండేళ్ళుగా మల్కాపురంలో మా సగం వీధి
నా కుట్టు తొడుక్కునే పెళ్ళిళ్ళకు వెళ్తోంది.
నూకరత్నం వీపుకు కుండ మెడ,
బ్యాంకు మేడమ్‌కు మోచేతి దాకా చేతులు,
బాలింతలకు రెండు వేళ్ళు వదులు.
కొలతలన్నీ నోటికే.
మగవాడి చొక్కా మాత్రం
ఒక్కటీ నా కత్తెర కిందికి రాలేదు.

ఈయనకు రెడీమేడ్ చొక్కా ఏదీ నిలవదు.
షిప్‌యార్డులో ఇరవై ఏళ్ళు వెల్డింగు కేబుల్ మోసి మోసి
కుడి భుజం అర అంగుళం కిందికి దిగింది.
కొన్న ప్రతి చొక్కా అటే జారుతుంది,
సరుకంతా ఒక పక్కకే ఎక్కించిన పడవలా.

పూర్ణా మార్కెట్లో రెండున్నర మీటర్లు కొన్నాను.
లేత నీలం, సన్న గీత.
"జాకెట్టుకు ఇంతెందుకమ్మా?" అన్నాడు కొట్టువాడు.
నవ్వి ఊరుకున్నాను.
సింధియా దాటేదాకా బస్సులో
ఆ పొట్లాం ఒళ్ళోనే ఉంది.

టేపు పట్టుకుని దగ్గరికి వెళ్తే
ఊపిరి బిగించి నిలబడతాడీ మనిషి,
ఆధార్ ఫోటోకు నిలబడ్డట్టు.
అందుకని పాత చొక్కా ఒకటి తీసి
కుట్టు కుట్టూ బ్లేడుతో విప్పాను.
కాలరు మడతలో ఎన్ని ఉతుకులకూ పోని చెమట,
జేబు అడుగున చిటికెడు ఇనప పొడి,
ముందుపక్కంతా నిప్పురవ్వలు కాల్చిన చిల్లులు,
ఆవగింజంత, ఆవగింజంత.
ఒకటి మాత్రం మినపగింజంత,
గుండీల పట్టీ పక్కనే.
ఆ రోజు ఇంటికొచ్చి ఏం చెప్పాడో
గుర్తు చేసుకోబోయాను.
ఏమీ చెప్పలేదు.
కూర బాగుందనుంటాడు.

ఉప్పుగాలికి మా మిషను చక్రం బిగుసుకుంటుంది.
నూనె చుక్క వేసి,
ఆయన నైటు డ్యూటీకి వెళ్ళాక కూర్చున్నాను.
కాలరు రెండుసార్లు విప్పాను.
మూడోసారి నిలబడింది, కాస్త మొండిగా.
కుడి భుజాన్ని అర అంగుళం
దొంగతనంగా దించాను.
చంక దగ్గర ముడత పడింది. పడనీ అనుకున్నాను.
నాలుగింటికి, కిటికీలో రిఫైనరీ మంట ఊగుతుంటే
ఆఖరి గుండీ కుట్టి
దారం పంటితో తెంపాను.

వచ్చాడు. స్నానం చేసి తొడుక్కున్నాడు.
భుజాలు రెండూ తమ తమ చోట కూర్చున్నాయి.
అద్దంలో చూసుకుని, ఒకటి పైకెత్తి, ఒకటి దించి,
నమ్మకం కుదరక మళ్ళీ చూసుకున్నాడు.
ఆ తర్వాత గుండీల దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.
ఇటు వెతికాయి, అటు వెతికాయి.
"ఏటే, గడియ అవతలి పక్కనెట్టీసేవు?"

అప్పుడు చూశాను.
కాజాలన్నీ కుడివైపున.
పన్నెండేళ్ళ జాకెట్ల చెయ్యి
నన్నడక్కుండా తనకు తెలిసిన దారినే పోయింది.
వీధిలో ఇంతమందికి కుట్టిన దాన్ని,
సిగ్గుతో చెవులు కాలాయి.
విప్పు, పట్టీ మార్చేస్తానన్నాను.

విప్పలేదు.
రెండు చేతులూ కిందికి వదిలేసి
బడికెళ్ళే పిల్లాడిలా గడ్డం ఎత్తాడు.
"నువ్వే ఎట్టు."

ఎదురుగా నిలబడితే
ఒక్క గుండీ నా చేతిని వెతికించలేదు.
పైనుంచి మూడోది పెడుతుంటే,
పాత చొక్కాలో మినపగింజంత చిల్లు
సరిగ్గా ఈ పక్కనేనని
బొటనవేలికి తెలిసింది.
అక్కడే ఉంచాను వేలు.
కింద ఏదో కొట్టుకుంటోంది, తొందరేం లేకుండా.

అవతల షిప్‌యార్డు సైరను మోగింది,
ఈయనది కాని షిఫ్టుకు.
ఇంకా నాలుగు గుండీలున్నాయి.