రైట్ రైట్

కెమెరా కాలేషా.
పదేళ్లు చీమకుర్తి క్వారీలో రాయి కొలిచాడు,
వెలుగు ఎక్కడ చీలుతుందో
వేలితో చూపిస్తాడు.
సౌండు ఏడుకొండలు.
రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలా;
ఏరేటర్ ఆగితే నిద్రలోంచి లేచే చెవి.

డబ్బు పెట్టింది పిచ్చమ్మక్క.
కందుకూరులో ముప్పయ్యేళ్లు పొగాకు గ్రేడింగు.
కథ విని, ఆకు మడిచి చూసినట్టు,
"ఇంకా పచ్చిగుంది, ఆరనీండి" అంది.
రెండేళ్లు ఆరబెట్టాం.

క్లాపు మార్కాపురం పలక. మూడోనాడే పగిలింది.
సగం పలక మీదే మిగతా సినిమా.

కోత నాది.
పెళ్లి వీడియోల్లో
పెళ్లికూతురి ఏడుపు తీసెయ్యమనేవాళ్లు.
తీసేశాను.
పారెయ్యలేదు.

మాలకొండయ్య కనిగిరి బస్సులో కండక్టరు.
ఇప్పుడు డైరెక్టరు.
యాక్షన్ అనడు.
అందరూ ఎక్కారా అని ఓసారి వెనక్కి చూసి,
రైట్ రైట్ అంటాడు.