పర్సు గుర్తు

మైకు కొంచెం కిందికి దించు చెంచయ్యా,
నాకంటే ముందు మాట్లాడినాయన ఎత్తుకి కట్టుండాది.

ఈ కాయితం గుంటల మాలకొండయ్య గారు రాయించి ఇచ్చింది.
సిమెంటు రోడ్డు, ట్యూబులైట్లు, గుడికి రంగులు.
నాకు అక్షరం రాదు. మనవరాలు రేత్రి చదివి వినిపించింది.
రెండోసారి కూడా చదివించుకున్నా.
నీళ్లు అనే మాట యాడా తగల్లేదు.

సర్పంచి సీటు ఈసారి యానాది ఆడమనిషికి వచ్చింది.
దొరువులపాళెంలో ఓటుండి నోరు లేనిదెవురా అని
వారం రోజులు వెతికినారు.
మానికల పెంచలమ్మని పట్టుకొచ్చి నామినేషను వేయించినారు.
వెతకటంలో ఏదో చిన్న పొరపాటు జరిగింది.

గుర్తు లేడీసు పర్సు.
నవ్వబాకండి. నేనూ నవ్వినా.
పుట్టినకాడి నుంచీ నా డబ్బు కొంగు ముడిలోనే.
అది కూడా తడిసిన కొంగు.

ఊరి పేరు ఒకసారి మీ నోటితో అనండి.
దొరువులపాళెం.
మా అమ్మ ఇసకలో చేత్తో తోడితే
మోచెయ్యి మునిగేలోపే నీళ్లు ఊరేవి.
సముద్రం అరుపు చెవిలో పడతానే ఉంటాది,
నాలిక్కి మటుకు తీపి.
పైన మంచినీళ్లు, అడుగున ఉప్పునీళ్లు,
ఒకదాన్నొకటి తొక్కకుండా కాపరం చేసేవి,
ఊళ్లో మన చేతగాని పని.

ఇప్పుడు గుంటగుంటకీ బోరు.
లాగి నింపినారు. రొయ్య ఎదిగినాక
ఆ మురుగు రేత్రిపూట కాలవకి వదల్తా ఉండారు.
రేత్రే ఎందుకంటే, పగలైతే
కాలవ రంగు మారింది కనపడతాది గదా.

నీకెట్టా తెలుసంటారేమో.
తూము ఎత్తేది నా కొడుకే.
అదుగో, సరుగుడు మాను చాటున తల దించుకోనుండాడు.
దించుకోబాక రా ఏసోబూ,
నీ తొమ్మిదివేల జీతంతోనే మనం క్యాను నీళ్లు కొంటా ఉండాం.
క్యాన్ల ప్లాంటు ఎవురిదో నేను చెప్పను.
మీ అందరికీ తెలుసు.

గుంటలన్నీ పూడ్చేస్తానని నేను అనను.
అంటే రేపు ఏసోబు ఇంట్లో పొయ్యి రాజదు,
మీలో సగం మందికీ అంతే.
కాలవకి వందబారల లోపల మటుకు గుంట ఉండకూడదు.
మురుగు ముందు ఒక మడుగులో తేరాల,
తేరినాకనే కదలాల.
తెల్లమచ్చ రోగమొచ్చిన ఏడు
సచ్చిన రొయ్యల బస్తాలు మా గుడిసెల ఎనకాల పారబోసినారు,
నెల రోజులు బిడ్డలకి అన్నం దిగలా.
ఇంకోసారి పోస్తే ఆ బస్తా మోసుకొచ్చి
పంచాయితీ ఆఫీసు బల్ల మీద పెడతా,
కుర్చీలో ఉండేది నేనైనా సరే.

ఇంకోటి ఉండాది. చెప్పాలనుకోలా.
మా ఆయన్ని పూడ్చిన దిబ్బ మీద ఏరేటరు తిరగతా ఉండాది.
ఏడాదికోసారి గట్టు మీద నిలబడి
నీళ్లలోకి కొబ్బరికాయ ఇసురుతా.
అది తేల్తా పోయి ఆ రెక్కలకి తగిలి
మళ్లీ నా తట్టుకే వస్తాది.
దిబ్బ తిరిగి ఇమ్మంటే కాయితం చూపించమన్నారు.
సచ్చినోళ్లకి పట్టా ఎవురిస్తారబ్బా?

ఏంది, మైకు పోయిందా?
కరెంటు ఉండాదే, ఆ ట్యూబులైటు ఎలగతానే ఉండాదే.
పోనీలే. కాలవ అవతల మేసే గేదెల్ని
ఈ గట్టు నుంచి పిలిచిన గొంతు ఇది,
ఎనక నిలబడినోళ్లకీ వినపడతాది.

ఈ సీసాలో పొద్దున తోడిన దొరువు నీళ్లు ఉండాయి.
మందేం కలపలా, మా వీధి బిడ్డలు తాగేయే.
ఉప్పగా ఉండాయో లేదో నేను చెప్తే
ఎలక్షను మాట అంటారు.

మాలకొండయ్య గారూ,
గ్లాసు ఇట్టా పట్టండి.