పలుకులు

గుణుపురం ఇంకా రెండు స్టేషన్లుందనగా
నా గేటు.
పొద్దున పైకో బండి, సాయంత్రం కిందికో బండి.
మధ్యలో మేకలు, ఇసక ట్రాక్టరు,
బడి వదిలాక సైకిళ్లు.
మిగతా పగలంతా నాదే.

బిసొయి బాబాయి ఆ బండిలోనే పుట్టాడంటారు.
చిన్న పట్టాల కాలం నుంచీ
మెడలో పళ్లెం, పళ్లెంలో బెల్లం పట్టీలు.
పాతపట్నం దాకా తెలుగులో అరుస్తాడు,
పర్లాకిమిడి దాటితే ఒడియాలో.
నా గేటు దగ్గర ఏ భాషా లేదు,
తలుపులోంచి ఒక పొట్లం విసురుతాడు, అంతే.
పదకొండేళ్లుగా.
డబ్బులిద్దామంటే బండి ఆగదు కదా.

మొన్న జీతం రోజున స్టేషన్లో ఎదురుపడ్డాడు.
కింద ఒక పన్ను, పైన ఖాళీ.
"ఊరందరి పళ్లకీ పరీక్ష పెట్టాను,
ఆఖరికి నేనే తప్పాను" అన్నాడు,
అన్నాడనే అనుకుంటున్నాను.
పళ్లు పోతే నోట్లో పలుకులు నిలవవు,
ఈ పలుకులైనా, ఆ పలుకులైనా.
తను చేసిన పట్టీ తిని
మూడేళ్లయిందట.

వంశధార ఇసక పర్రలో పండిన కాయలు,
సుకాంతి గమాంగో తట్టలోవి, రెండు శేర్లు కొన్నాను.
మూకుట్లో సన్న సెగన వేయించాను.
అరచేతుల మధ్య నలిపి ఊదితే
పొట్టు గేటు దాటి పోయింది,
దాన్ని ఆపే జెండా లేదు నా దగ్గర.

గది వెనకాల రాతి రోలు ఉంది,
నాకు ముందున్న గేటుమేన్ వదిలేసింది.
దంచాను.
మొదట పొడి, తర్వాత ముద్ద.
ఆ తర్వాత ఒకచోట మొండికేస్తుంది,
రోకలిని పట్టుకుని వదలదు,
ఇంక ఇది ఇంతేలే అనిపిస్తుంది.
చాలామంది అక్కడే నీళ్లు చిలకరిస్తారు.
ఒక్క చుక్క పడిందా,
ఇక చేసుకోవలసింది పచ్చడే.
దంచాలి. భుజం మార్చి దంచాలి.
ఎందుకో చెప్పకుండా, ఎప్పుడో చెప్పకుండా
గింజ తనలో దాచుకున్న నూనె తనే ఒప్పుకుంటుంది.
సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

గేటు వేసి, జెండా పట్టి నిలబడ్డాను.
గూడ్సు. నలభై రెండు పెట్టెలు లెక్కపెట్టాను,
వెన్న చేతులతో.
ఇప్పుడా పచ్చ జెండా మూల
అణా కాసంత మరక ఉంది.
తనిఖీకొచ్చిన సారు అడిగితే
"సెనగ నూనె సార్" అన్నాను.
ఆయన వాసన చూసి, ఏమీ రాసుకోలేదు.

నాకు పాకం రాదు.
తీగ పాకం, ఉండ పాకం,
నీళ్లలో వేసి పళ్లేనికేసి కొడితే టంగుమనడం,
అవన్నీ మా నరసాయమ్మ దొడ్డ విద్యలు.
దీనికి అవేవీ అక్కర్లేదు.
తురిమిన బెల్లం, గరిటెడు నెయ్యి,
బెల్లం కరిగి కళ్లు తెరిచేలోపు
వెన్నంతా అందులోకి.
రెండు ఏలక్కాయలు, సీవండి గిన్నె మూత మీద పరిచి
చల్లారనివ్వడం.
నూలు దారం లాగితే ముక్క తెగింది.
నాలుక మీద పెడితే
నమిలే పని లేకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం బండికి
కుడి చేత్తో జెండా, ఎడం చేత్తో పొట్లం.
జీవితంలో మొదటిసారి నేను విసిరాను.
ఆయన పళ్లెం వదిలేసి
రొమ్ముకి అదుముకుని పట్టుకున్నాడు,
పక్కవాడు ఆయన చొక్కా పట్టుకున్నాడు.
మలుపు.

మర్నాడు పొద్దున బండి వస్తుంటే
తలుపులో నిలబడి ఏదో అరుస్తున్నాడు.
దండం పెడతాడనుకున్నాను,
బాగుందంటాడనుకున్నాను.
గాలి సగం తినేసింది. మిగిలింది:
"లూణ! టికే లూణ!"

బండి పోయింది. గేటు ఎత్తాను.
మేకలు దాటాయి.
రిజిస్టరులో టైము రాసి,
పక్క మార్జిన్‌లో చిన్నగా రాసుకున్నాను:
ఉప్పు, ఒక చిటికె.