ముట్టుకోవద్దన్న వరస

గ్రీమ్స్‌పేటలో జిరాక్సు కొట్టు పైన
రేకుల గది. ఆదివారం పదిన్నర.
మెట్ల మీద లెక్కపెట్టినా: ఏడు జతల చెప్పులు.
ఈ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లు
లోకం మొత్తమ్మీద ఎందరని అడిగితే
సగం మంది చెప్పులు అవేనంట.

నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
తూకం రసీదులు కొట్టేదాన్ని.
తోతాపురి ట్రే కాటా ఎక్కితే
ఇరవైన్నర ఇరవై అవుతా ఉంది,
రోజూ, ఎవరిదో అరకిలో.
పెద్ద భాషల వాళ్లని అడిగి చూసినా.
సర్వదర్శనం క్యూలో నిలబడినట్టే,
ముందున్న వీపు తప్ప ఏమీ కనపడదు.

ఇక్కడ క్యూ లేదు.
"ఆ తూకం ముక్క నేను రాసిందే మే,
ఏమైంది దానికి?" అన్నాడు ఢిల్లీబాబన్న,
బడి నుంచి బిడ్డ మీద ఫిర్యాదొచ్చినట్టు.

ఉండేది ఏడుగురు. అందులోనే రెండు వర్గాలు.
వాక్యం చివర చుక్క కావాలా అక్కర్లేదా అని
నాలుగేండ్లుగా షంషాద్ మేడమూ హేమాద్రీ
నేరుగా మాట్లాడుకోరు.
"ఆయనకి చెప్పు, ఫ్యాను తగ్గించమని"
అంటుంది ఆమె, నాతో.
ఆయన పక్క కుర్చీలోనే ఉంటాడు.
కొత్తదాన్ని కదా,
రెండు వైపులకీ తల ఊపినా.

నేర్చుకోను పుస్తకం లేదా అంటే నవ్వినారు.
పుస్తకమంటే చెంగల్రాయులు సారు తలకాయేనంట.
సారు పోయి రెండేండ్లు.
ఆయన రాసిన నూటపద్నాలుగో వరస నెత్తిన
ఎవరో పెట్టిన మాట: ముట్టుకోవద్దు.
ఎందుకో ఎవరికీ తెలీదు.
ఏడుగురూ దాని పక్కనించి ఒదిగి నడుస్తారు,
నిద్రపోతా ఉండే మనిషిని దాటినట్టు.

నాకు ఆ మర్యాద తెలీదు.
ముట్టుకున్నా.

నా అరకిలో ఆడనే ఉండాది.
ఎప్పటిదో ఒక చిన్న మిషను ఇరుకులో
చోటు చాలక
సగాలన్నిట్నీ కిందికి తోసేసినాడు సారు.
మిషను పోయింది. తోపు మిగిలింది.

గదిలో ఫ్యాను చప్పుడొక్కటే.
మేడమ్ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది.
హేమాద్రి, ఆమెతోనే, ఆమె మొఖం చూసి,
"సారుంటే తిట్టుండేవాడు" అన్నాడు.
"లేదు," అనిందామె,
"టీ తెప్పించుండేవాడు."

కింద నుంచి పిల్లోడు అరిచినాడు, ఎన్ని అని.
ఢిల్లీబాబన్న వేళ్లు మడిచి, ఆగి,
మళ్లీ మొదట్నించి మడిచినాడు.

సోమవారం బంగారుపాళెం ట్రేలొచ్చినాయి.
రసీదు కొసన కొత్తగా పడిన అర చూసి
ఆ రైతు కాగితాన్ని ఎండకి ఎత్తి పట్టి,
"ఏంది మే," అన్నాడు,
"మిషను చెడిపోయిందా?"