నలభై శాతం

మిల్వాకీలో మా వీధి తవ్వుతున్నారు.
సీసం గొట్టాలు తీసి రాగివి వేస్తారట.
పనిగంటల్లో నలభై శాతం
ఊళ్లో పనిలేనివాళ్లవేనని నగరం షరతు.

ఊళ్లోనే ఉంటున్నట్టు కరెంటు బిల్లేదీ
అంది కౌంటరులో పిల్ల.
కరెంటు కట్ చేశారమ్మా, అంది వెర్నెట్టా.
చేస్తామన్న నోటీసుంది, పనికొస్తుందా?
పేరుంది, ఇంటి నంబరుంది,
ఒక్క అక్షరం తప్పు లేదు.

పనికొచ్చింది.

సరస్సు మీది చలి మే నెలకీ వదలలేదు.
చేతికి పలక ఇచ్చారు,
ఒకవైపు ఆగు, ఒకవైపు మెల్లగా.
పదకొండు రోజులు కార్లన్నీ ఆమె మాట విన్నాయి.
మనవడి బడి బస్సు ఆగితే
కిటికీలోంచి వాడు సెల్యూట్ కొట్టాడు.

పన్నెండో రోజు మేస్త్రీ డోబ్రిన్‌స్కీ
లెక్క చూసుకుని, మర్యాదగానే,
మీ శాతం నిండిందండీ అన్నాడు.
సగం వీధి ఇంకా గోతిలోనే ఉంది.
ఆమె ఇంటి గొట్టం రేపటి వంతు.

పలక అప్పగించింది.
టోపీ అడగడం వాళ్లు మర్చిపోయారు.

మర్నాడు ఆ పచ్చ టోపీతోనే
మెట్ల మీద కూర్చుంది వెర్నెట్టా.
పరాయి ఊళ్ల నంబర్లతో వచ్చిన లారీలకి
నోటీసు వెనక గీతలు పెడుతోంది,
నాలుగు నిలువు,
ఐదోది అడ్డం.