వారం సెలవు

నాలుగ్గంటలకే తిరుపతిలో వ్యాను ఎక్కినాం,
కల్యాణకట్ట ఆడోళ్ళం పదకొండు మందిమి,
ఒక డేగిసా పులిహోర.
కత్తులు ఇంట్లోనే పెట్టి వచ్చినాం.

నేలపట్టులో వాచ్‌టవర్ మెట్లెక్కేసరికి
రెడ్డెమ్మక్కకు ఆయాసం.
అరువు బైనాక్యులర్‌లో కడప చెట్లు,
చెట్లనిండా గూడబాతులు.
తల్లి నోరు తెరిస్తే చాలు,
పిల్ల తలకాయంతా ఆ సంచిలోకి దూర్చి
గొంతులో దిగిందాన్ని కూడా లాక్కుంటా ఉంది.
"మా ఇంట్లో ఇద్దరుండారు ఇట్లాంటోళ్ళు" అనింది అక్క.
గార్డు ఉష్ అనేదాకా నవ్వినాం.

ఒక గూట్లో నిన్నో మొన్నో పుట్టినవి,
ఈక కూడా మొలవని గులాబిరంగు గుండ్లు.
నా వేళ్ళు వాటంతటవే కదిలినాయి
తడిపి, మెడ వెనక నుంచి మొదలుపెట్టేదానికి.
ఈరోజు సెలవు మేయ్, అని చెప్పుకున్నా చేతికి.

తూపిలిపాళెంలో మిట్టమధ్యాహ్నం.
ఎవురికీ ఈత రాదు.
ఒకరి కొంగు ఒకరం పట్టుకుని
మోకాలి లోతుకు పోయినాం, అంతే.
అల మా తలలు తడిపేసింది,
టోకెన్ అడగలేదు,
ఏ ఊరని కూడా అడగలేదు.

రెడ్డెమ్మక్క ముడి ఊడిపోయింది.
పదిహేడేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం,
ఆ జుట్టు నడుం దాటుతుందని
ఇప్పుడే చూస్తా ఉండా.
ఆమె దాన్ని పిండుకుంటా
సిగ్గుపడి అటు తిరిగింది.

వ్యానులో అందరూ నిద్ర.
రేపు ఆరింటికి డ్యూటీ.
గోళ్ళసందున ఇసుక ఎంత కడిగినా పోలేదు.
యాడనుంచో వచ్చినోళ్ళ తలమీద
ఒక రేణువు రాలితే
ఏమీ అనుకోవద్దండి.