మూరన్నర ఎత్తు

న్యూజిలాండు పడమటి తీరాన, రూనంగాలో
వాన పడడం వార్త కాదు,
ఆగడమే వార్త.
నోలీన్ కోగన్ ఇంట్లో ఏడాది పొడుగునా
బూట్లకు బూజు, పెళ్లి ఫోటోకు బూజు,
పంచదార డబ్బాలో ఒకటే ముద్ద.
"ఆ కొండే" అంటుందావిడ,
"కొండ చెమటంతా మా ఇంటి కిందికే దిగుతుంది."

నేను సన్నగా ఉంటాను. నా బతుకుతెరువు అదే.
అల్మారా అడుగున చిన్న తలుపెత్తి
ముందు తల, ఒక భుజం, తర్వాత రెండోది,
పుట్టినప్పటి వరసలోనే
లోపలికి పోతాను.

ఇక్కడ ఇంటికి ముఖం లేదు, పొట్టే.
మోచేతులే కాళ్లు.
నుదుటి దీపం ఎటు తిరిగితే అటే ప్రపంచం:
సగం ఇటుక, టీ కప్పు పిడి,
గని బూటు అచ్చు ఒకటి,
దూలం మీద వడ్రంగి పెన్సిల్ లెక్క.
పదిహేడులోంచి తొమ్మిది తీసి
ఏడు వేసుకున్నాడు మహానుభావుడు.
వంటింట్లో బంగాళాదుంప పడితే
కిటికీ వైపే ఎందుకు దొర్లుతుందో
ఇప్పుడు తెలిసింది.

మీటరు ముళ్లు చెక్కలో గుచ్చాను.
ఇరవై ఆరు. ఇరవై తొమ్మిది.
పిండకుండా ఆరేసిన దుప్పటి ఈ దూలం.
కానీ కొండ వైపు మట్టి మాత్రం
పొడిపొడిగా, జల్లించిన పిండిలా.
పిల్లి పడుకున్న గుంట కూడా చెదరలేదు.

నీరు పల్లమెరుగు అంటారు.
దాన్ని పట్టుకోవాలంటే మిట్టకేసి పాకాలి.
పాకాను.
స్నానాల గది కింద, తూము గొట్టం మెడకు
ఎవరో చుట్టిన గుడ్డ, బిగించిన రాగి తీగ,
కొసన ఒక చుక్క
నింపాదిగా లావెక్కుతూ,
వడ్డీ మీద బతికే షావుకారులా.

అడుగుల చప్పుడు నా మీదుగా వెళ్లి ఆగింది.
"కొండేనా?" చెక్కల సందులోంచి గొంతు.
"కొండ కాదమ్మా. మీ స్నానం."
కాసేపు ఏమీ లేదు.
తర్వాత, "గుడ్డ ఏ రంగు?"
"నీలం గళ్లు. బొత్తాలున్నాయి."

"క్లారీ చొక్కా" అంది.
"పోయిందన్నాడు. తీగ మీంచి డాఫ్నీయే తీసిందనుకున్నాను.
పదకొండేళ్లు,
పక్కింటి ఆడమనిషితో పదకొండేళ్లు..."
మిగతాది వాన తినేసింది.

కొత్త గొట్టం బిగించాను.
గోడ నుంచి గోడకు నల్ల పాలిథిన్ పరిచాను,
ప్రతి గుంజ చుట్టూ కత్తిరించి, టేపేసి,
పసిపిల్లకి మెడపట్టీ కట్టినట్టు.
పొద పెరిగి మూసిన గాలి కంతలు రెండు తెరిచాను.
చెక్క పదిహేడుకు దిగాలి,
నెలలు పడుతుందని చెప్పాను.

ఆవిడ వినడం లేదు.
గొడుగు లేకుండా కంచె దాకా వెళ్లింది,
చేతిలో ఆ చొక్కా, కారుతూ.
వెనక్కి వచ్చింది.
మళ్లీ వెళ్లింది.

నేను మోకాళ్ల మట్టి దులుపుకుంటూ చూశాను.
పైన కొండ,
ఏ పాపమూ ఎరగనట్టు
తడుస్తోంది.